కాటా ఎక్కిన ఇల్లు

రాసుకుంటున్నావా తల్లీ? సరే. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో ఇంగ్లీషులోకి మార్చకు. నీ ఫ్రెండ్ వాళ్ళమ్మగారు ఉద్యోగం మానేసి నాలాగా చక్రాల మీది ఇంట్లో, ఆర్వీలోనే ఉండిపోదామనుకుంటున్నారనీ, మీ అమ్మమ్మ ఏమేం చేసిందో కనుక్కుని చెప్పమన్నారనీ అన్నావు కదా. ఆవిడ కోసమే చెబుతున్నాను. పనికొచ్చేవి ఆవిడకి పంపించు. పనికిరానివి నువ్వు దాచుకో.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. లేకపోతే ఈ ముసలావిడకి మతి పోయిందనుకుంటారు. మీ మామయ్య అలాగే అనుకున్నాడు.

మీ తాతయ్య పోయాక న్యూజెర్సీ పార్సిప్పనీలో ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. అంత ఇల్లు! చలికాలం మంచు తొయ్యాలి, ఎండాకాలం గడ్డి కొయ్యాలి, నా మోకాళ్ళకీ ఆ మెట్లకీ రోజూ గొడవే. అమ్మేద్దామని నేనే అన్నాను. బోర్డు పెట్టగానే కొనేవాళ్ళు దొరికారు. వేసవి చివర్లో తాళాలు ఇచ్చెయ్యాలని ఒప్పందం. అప్పుడు మీ అమ్మా, మీ మామయ్యా ఫోన్లో కూర్చుని నన్ను పంచుకున్నారు. చలికాలమంతా దేశానికి ఆ చివర శాన్ రామన్‌లో కొడుకు దగ్గర, ఎండాకాలమంతా ఇక్కడ మోరిస్‌విల్‌లో కూతురి దగ్గర.

ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ నా వయసు వాళ్ళందరూ అలాగే తిరుగుతున్నారమ్మా. గుళ్ళో కనిపిస్తే ఎలా ఉన్నారని అడగరు, "ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు?" అని అడుగుతారు. రెండు సూట్‌కేసులు, ఒక గెస్ట్ రూమ్, అందులో క్లోజెట్ నిండా ఇంటివాళ్ళ పాత కోట్లు. వంటింట్లో గరిటె ఎక్కడుందో అడిగి తీసుకోవాలి. అలవాటయ్యేసరికి ఇంకో ఇంటికి టికెట్ బుక్ అయిపోతుంది.

"వంతులకి నేను రానురా," అన్నాను.

"వంతులేంటమ్మా, అదేం మాట? నీకు రూమ్ రెడీ చేశాం. అటాచ్డ్ బాత్ కూడా ఉంది," అన్నాడు మీ మామయ్య.

"నా రూమ్ నేనే తెచ్చుకుంటాను. మీ ఇంటి ముందు పెట్టుకుంటాను. ఎవరికి విసుగొచ్చినా సరే, తోలుకుని పోతాను."

"మా కాలనీ హెచ్ఓఏ వాళ్ళు ఇంటి ముందు బండి పెట్టనివ్వరమ్మా," అంది మీ అమ్మ. నేను అన్నదంతా విని, ఆ ఒక్కదానికే జవాబు చెప్పింది.

వాళ్ళు నవ్వులాటనుకున్నారు. మీ తాతయ్యా నేనూ ఒకసారి గ్రాండ్ కాన్యన్ వెళ్ళినప్పుడు ఆర్వీ అద్దెకి తీసుకున్నాం. ఆయనకి నచ్చలేదు, పడుకుంటే కాళ్ళు గోడకి తగులుతున్నాయని దారంతా సణిగారు. నాకు మాత్రం మనసులో ఉండిపోయింది. పొయ్యి, మంచం, స్నానాలగది అన్నీ చెయ్యి చాపితే అందుతాయి. పొద్దున్న తలుపు తీస్తే వేరే ఊరు. ఇల్లు అమ్మిన డబ్బు చేతికి రాకముందే, దాచుకున్న దాంట్లోంచి తీసి, ఓ పాత మోటార్‌హోమ్ కొనేశాను. ముందు భాగం లారీలా ఉంటుంది, వెనక గది ఉంటుంది, డ్రైవర్ నెత్తి మీద ఇంకో పడక ఉంటుంది, అదిగో ఇదే. కొన్నాక చెప్పాను వాళ్ళకి.

ఓ రెండు రోజులు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత మీ మామయ్య ఫోన్ చేసి షరతు పెట్టాడు. వాడు చిన్నప్పట్నించీ అంతే, క్యారమ్స్ ఆడినా ముందు రూల్స్ చెప్పేవాడు.

"వన్ వీక్ నువ్వొక్కదానివే క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండు. ఎవర్నీ హెల్ప్ అడక్కూడదు. రోజుకో మెసేజ్ పెట్టు, ఓకే అని. అంతే. వీక్ అంతా ఉండగలిగితే మేం ఇంక నోరెత్తం. లేదంటే అది అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యాలి. డీల్?"

"డీల్," అన్నాను. ఆ వారం గట్టెక్కితే నాకంటూ ఒక ఇల్లు. గట్టెక్కకపోతే రెండు సూట్‌కేసులు. అదీ సంగతి.

సరే, ఇప్పుడు ఆవిడకి పనికొచ్చేవి రాయి. కొనేటప్పుడు కర్టెన్లూ సోఫా చూసి మురిసిపోవద్దని చెప్పు. మూలల్లో గోడల్ని బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే పైకప్పు కారుతోందన్నమాట. టైర్లకి గాళ్ళు బాగున్నా సరే, తయారైన ఏడాది పక్కన అచ్చేసి ఉంటుంది, అది చూడాలి. పాతబడిన టైరు నిలబడి ఉండగానే లోపల చచ్చిపోతుంది. బండి ఎత్తు ఎంతో కొలిచి, కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించుకోవాలి. మన న్యూజెర్సీ చుట్టుపక్కల పాతకాలపు వంతెనలున్నాయి కదా, వాటి కింద దూరేటప్పుడు ఫోన్ చెప్పేది వింటే నెత్తి మీద పడక ఊడి వెనక పడుతుంది.

డ్రైవింగ్ నాకు భయం లేదు. ఇన్నేళ్ళు రూట్ ఎయిటీ హైవే మీద ఆఫీసుకి వెళ్ళినదాన్ని. రివర్సే కష్టం. మూతపడిన మాల్ ఒకటుంది మా ఇంటి దగ్గర, దాని పార్కింగ్ లాట్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాలు బోర్లించి వాటి మధ్యకి వెనక్కి తీసుకెళ్ళడం ప్రాక్టీస్ చేసేదాన్ని. ఎన్ని వీడియోలు చూశానో! ప్రతి వీడియోలోనూ మొదటి మాట ఒకటే, "మీ వెనక ఉన్న మనిషిని అద్దంలో చూస్తూ ఉండండి." భార్య తోలితే భర్త వెనక నిలబడి చేతులూపుతాడు, భర్త తోలితే భార్య ఊపుతుంది. నా అద్దంలో ఖాళీ మాల్ తప్ప ఏమీ లేదు. కెమెరా ఉందిలే, కానీ దానికి చెట్టు కొమ్మలు కనపడవు. కాస్త వెనక్కి తీసుకోవడం, ఆపడం, దిగి చూసి రావడం, మళ్ళీ ఎక్కడం. నా వెనక మనిషిని కూడా నేనే. ఒక్క డబ్బా తొక్కకుండా పెట్టడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టేది. మోకాళ్ళ డాక్టర్ తెగ మెచ్చుకుంది, మంచి వ్యాయామం చేస్తున్నారే అని.

తర్వాత అడ్రస్. ఈ దేశంలో అడ్రస్ లేకపోతే మనిషి లేనట్టే. లైసెన్సుకి కావాలి, ఇన్సూరెన్సుకి కావాలి, వోటుకి కావాలి. చక్రాల మీద ఉండేవాళ్ళకి సౌత్ డకోటా లాంటి చోట్ల కొన్ని ఆఫీసులుంటాయి. మన ఉత్తరాలు వాళ్ళకి వస్తాయి, కవరు ఫొటో తీసి పంపిస్తారు. విప్పమంటే విప్పుతారు, పారెయ్యమంటే పారేస్తారు. నేను ఎప్పుడూ అడుగుపెట్టని ఊళ్ళో నాకు అడ్రస్ వచ్చింది. లైసెన్సు కోసం తర్వాత వెళ్ళి ఓ రాత్రి ఉండి వచ్చానులే. మా ముసలివాళ్ళ మెడికేర్ బీమాలో కూడా ఊరు దాటితే పనిచెయ్యని ప్లాన్లుంటాయి, ఆవిడ ఏ బీమా తీసుకున్నా దేశమంతా పనిచేసేది చూసుకోమని చెప్పు. బీపీ మాత్రలు ఏ ఊళ్ళోనైనా దొరికే పెద్ద ఫార్మసీకి మార్చుకోమను.

ఇంక ట్యాంకులు. ఇది జాగ్రత్తగా రాయి. మంచినీళ్ళకి ఒకటి, వంటింటివీ స్నానానివీ కలిసిన మురుగుకి ఒకటి, మూడోది ఏమిటో నీకు తెలుసు. ఆ మూడోది ముందు వదలాలి, దాని వెనక వంటింటి నీళ్ళు వదిలితే గొట్టం అదే కడుక్కుంటుంది. మంచినీళ్ళ పైపు తెల్లది, ఈ పైపుతో దాన్ని ఒకే పెట్టెలో పెట్టకూడదు. ఆ పని చేశాక నాకు తల మీంచి స్నానం చేస్తే గానీ తోచదు. స్నానం చేస్తే మళ్ళీ ట్యాంక్ నిండుతుంది. నవ్వకు! మొదట్లో ఆ గొడవ ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. మనకి బియ్యం ఒకటికి నాలుగుసార్లు కడగడం అలవాటు, గిన్నెలు పంపు తిప్పి వదిలేసి తోమడం అలవాటు. ఇక్కడ చెంబుతో కొలుచుకుని వాడాలి. పోపు పెట్టేముందు కప్పు మీద ఫ్యాను వేసి, రెండు కిటికీలు తీసి, అప్పుడు ఎండుమిరపకాయ నూనెలో వెయ్యాలి. లేకపోతే అలారం మొత్తుకుని క్యాంప్‌గ్రౌండ్ అంతా లేస్తుంది. ఏసీ తిరుగుతుండగా మిక్సీ, కుక్కర్ రెండూ పెడితే కరెంటు పోతుంది. దీపం మాత్రం లోపల వెలిగించను, కింద గ్యాస్ ఉంది కదా. బయట బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టుకుంటాను.

ఇవన్నీ నేర్చుకోగలిగాను. నేను తప్పు చేసింది వేరే చోట.

సామానంతా ఎవరి సాయం లేకుండా నేనే సర్దాను. అంతా సర్దాక లారీలు తూచే కాటా మీద బండిని ఎక్కించాలి. డ్రైవర్ తలుపు పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది, బండి ఎంత బరువు మొయ్యగలదో. అది దాటితే టైర్లు పేలతాయి, బ్రేకులు పట్టవు. కాటా ఎక్కకుండా బయల్దేరొద్దని ఆవిడకి రెండుసార్లు చెప్పు.

ఎదురింటి వదినని వెంటేసుకుని హైవే పక్కన ట్రక్ స్టాప్‌కి వెళ్ళాను. వదినంటే చుట్టం కాదు, మేం పార్సిప్పనీ వచ్చిన కొత్తల్లోంచీ ఒకళ్ళనొకళ్ళం అలాగే పిలుచుకుంటాం. పెద్ద పెద్ద లారీల వెనక లైన్లో నిలబడ్డాం. కాటా మీదికి ఎక్కించాక ఒక బటన్ నొక్కాలి, అది లారీ డ్రైవర్లకి అందే ఎత్తులో ఉంది. దిగి, మునివేళ్ళ మీద నిలబడి నొక్కాను.

లోపల్నించి ఒక అబ్బాయి గొంతు. "ట్రక్ నంబర్ చెప్పండి మేడమ్."

"ట్రక్ కాదు బాబూ, ఇల్లు," అన్నాను, ఇంగ్లీషులోనే.

"ఓకే, ఇల్లు అని కొడుతున్నాను," అన్నాడు. నిజంగానే చీటీ మీద నంబరు ఉండాల్సిన చోట హౌస్ అని ప్రింటయి వచ్చింది. వదిన పడీ పడీ నవ్వింది. కింద అంకెలు చూశాక నా నవ్వు పోయింది. వెనక చక్రాల మీద మొయ్యగలిగిన దానికన్నా చాలా ఎక్కువ బరువుంది.

ఇంటికొచ్చి తీసెయ్యడం మొదలుపెట్టాను. నా పుస్తకాలు తీశాను. చలికోట్లు రెండు ఉంచి మిగతావి తీశాను. మీ తాతయ్య పనిముట్ల పెట్టె, ఆ ఇనుమంతా ఎంత బరువో, అది మీ మామయ్యకి పంపించేశాను. కుట్టుమిషను వదినకిచ్చాను. మళ్ళీ వెళ్ళి తూచాం. అదే గొంతు, "మళ్ళీ ఇల్లేనా మేడమ్?" అన్నాడు. తగ్గింది గానీ చాల్లేదు.

వదిన ఇంక ఊరుకోలేదు. అక్కడే పార్కింగ్‌లో బండి వెనక్కి వెళ్ళి, మంచం పలక ఎత్తింది.

"వదినా, ఇదేమిటే?"

మంచం కింద ఏముందంటే, పెద్ద గుండిగ. సాంబారు బకెట్టు, దాని గరిటె. పెద్ద ఇడ్లీ పాత్ర. దొంతరగా స్టీలు కంచాలు, గ్లాసులు. మూడు చాపలు, బొంతలు, దిండ్లు. సోనా మసూరి బస్తా, దాని పక్కనే ఇంకో బస్తా. జాడీడు ఆవకాయ, పాత టవల్‌లో చుట్టి.

"ఎవరి పెళ్ళి?" అంది వదిన.

"ఎవరైనా వస్తే ఉండాలి కదా."

"ఎవరొస్తారు?"

"ఎవరో ఒకరు. ఎప్పుడూ రాలేదూ?"

ఇది నీకు తెలియదు, నువ్వు పుట్టేసరికే తగ్గిపోయింది. మా ఇల్లు ఎప్పుడూ అలా ఉండేది. ఇండియా నుంచి కొత్తగా దిగి, ప్రాజెక్ట్ దొరక్క బెంచ్ మీదున్న పిల్లల్ని మీ తాతయ్య ఎక్కడెక్కడి నుంచో పట్టుకొచ్చేవారు. గుళ్ళో కలిశాడని ఒకణ్ణి, బస్‌స్టాప్‌లో తెలుగు మాట్లాడుతుంటే విన్నానని ఇంకొకణ్ణి. గరాజ్ తలుపు చప్పుడవగానే నేను లోపల్నుంచి కేకేసేదాన్ని, "ఎన్ని కంచాలు పెట్టను?" అని. ఆయన లోపలికి రాకుండానే అంకె చెప్పేవారు. నాకు ఒక్కరికి వండడం రాదు తల్లీ. ఎప్పుడూ రాలేదు. ఆయన పోయాక కూడా రెండు గ్లాసుల బియ్యం పోసి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పారేసేదాన్ని. బండి సర్దుతున్నప్పుడు నేనేమీ ఆలోచించలేదు. ఇల్లు సర్దినట్టే సర్దాను. ఇంట్లో ఏమేం ఉండాలో నా చేతులకి తెలుసు, వాటంతట అవే సర్దేశాయి.

వదిన గుండిగ బయటికి లాగి దాని మీద కూర్చుంది. ఆవిడ నోరు కాస్త గట్టి. "చూడు వదినా. న్యూజెర్సీలో, హైవే ఎగ్జిట్ దిగగానే ఇల్లు కాబట్టి వచ్చారు. మీ ఆయన పిలుచుకొచ్చాడు కాబట్టి వచ్చారు. ఇప్పుడు నువ్వు పోయి అడవిలో చెట్టు కింద పెట్టుకుంటే, ఎలుగుబంటికి వడ్డిస్తావా కంచంలో?"

"నువ్వు రావా?"

"నేనా? నాకు వచ్చే నెల నుంచి కొడుకు దగ్గర వంతు." ఆ మాట అని ఆవిడ బకెట్టు గరిటె చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చుంది. పక్క లారీవాడు పళ్ళు తోముకుంటూ మా సామాను వంక చూస్తున్నాడు.

ఇంటికి తెచ్చి అన్నీ దింపాను. అదే వీధిలో అపార్ట్‌మెంట్లో ఎం.ఎస్. చదివే పిల్లలుంటారు, వాళ్ళకి ఇచ్చేద్దామని పిలిస్తే ముగ్గురు వచ్చారు. గుండిగ చూసి వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆంటీ, దీంట్లో బిర్యానీ చేస్తే బిల్డింగ్ మొత్తానికి సరిపోతది!"

"అడుగంటకుండా చూసుకోండి నాయనా. సన్నసెగ మీద పెట్టాలి."

"మీరే రండి ఆంటీ, చూపించండి. ఈ సాటర్డే?"

ఆ శనివారం నేను ఆర్వీతో క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాలి, నా వారం ఆ రోజే మొదలు. మళ్ళీ ఎప్పుడైనా అన్నాను. వాళ్ళు కంచాల దొంతర మోసుకుని మెట్లు దిగుతుంటే గలగలమని చప్పుడు. చివరి చాప కూడా వెళ్ళిపోయాక బండి ఎక్కి మంచం పలక ఎత్తి చూశాను. బోలెడు జాగా. శుభ్రంగా తుడిచి పలక వేసేశాను. మూడోసారి కాటా మీద అంకె సరిపోయింది. కాటా అబ్బాయి కంగ్రాట్స్ చెప్పాడు.

వారం సంగతి చెబుతాను, కాళ్ళు ముడుచుకుని కూర్చో, ఆ బల్ల కింద వైరుంది.

క్యాంప్‌గ్రౌండ్‌కి మధ్యాహ్నం చేరాను. నాకిచ్చిన చోటు రెండు చెట్ల మధ్య. రివర్స్ చేసుకుంటూ, దిగి చూసుకుంటూ, మళ్ళీ ఎక్కుతూ ఉంటే పక్క ఆర్వీలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు, వెనక నిలబడి చేతులూపడానికి. నేను దిగి వెళ్ళి, "థాంక్యూ, వద్దండీ, నేనే చేసుకోవాలి," అన్నాను. సాయం తీసుకోకూడదని కదా రూలు. ఆయన పాపం చేతులు దించేసుకుని వెళ్ళిపోయాడు. నేను పెట్టేసరికి చాలాసేపు పట్టింది, అందరూ కుర్చీల్లో కూర్చుని చూస్తూనే ఉన్నారు. చక్కగా పెట్టాను, చెట్టుకి తగలకుండా. ఎవరైనా చప్పట్లు కొడతారేమో అనుకున్నాను.

ఏమైందంటే, ఈ దేశంలో వద్దంటే వద్దే. మనలాగా మూడుసార్లు అడగరు. ఈవిడకి ఒంటరిగా ఉండడం ఇష్టం కాబోలు అనుకుని, ఆ వరసలో వాళ్ళందరూ మర్యాదగా నా జోలికి రావడం మానేశారు. ఎదురుపడితే చెయ్యి ఎత్తుతారు, అంతే. నీళ్ళు తగిలించాను, కరెంటు తగిలించాను, బండి ఒక పక్కకి వాలితే చక్రాల కింద పలకలు పెట్టి సమం చేశాను. అన్నీ పనిచేశాయి. మీ మామయ్యకి ఓకే అని మెసేజ్ పెట్టాను, వాడు బొటనవేలి బొమ్మ పంపాడు.

రెండో రోజు చేతులు మళ్ళీ వాటి అలవాటు చూపించాయి. పులిహోర కలిపితే చిన్న గిన్నెలో పొంగిపోయేంత అయింది. సరే, ఆ పెద్దాయనకి ఇద్దాం, నిన్న మాట తప్పుగా అనుకున్నాడేమో అని, గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్ళాను. వాళ్ళ బండి లేదు. పొద్దున్నే ఖాళీ చేసి వెళ్ళిపోయారట. గడ్డి మీద చక్రాల ఆనవాళ్ళు, ఒక చోట కాఫీ పారబోసిన మరక. గిన్నె పట్టుకుని కాసేపు అక్కడ నిలబడి వెనక్కి వచ్చేశాను.

తర్వాత వాన పట్టుకుంది. రేకు మీద వాన ఎలా ఉంటుందో నీకు తెలుసు, తల మీదే పడుతున్నట్టు ఉంటుంది. బట్టలు మడతపెట్టాను, పొయ్యి తుడిచాను, ట్యాంకులు చూశాను. పొద్దున్నించీ ఒక్క మాట మాట్లాడలేదని మధ్యాహ్నం గుర్తొచ్చింది. నిన్న కూడా క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసులో వాళ్ళకి గుడ్ మార్నింగ్ తప్ప ఏమీ చెప్పలేదు. పెద్దగా, "ఏం వండుకోనూ?" అన్నాను. నా గొంతు నాకే బొంగురుగా వినిపించింది. ఇంటి దగ్గరైతే ఒక్కదాన్నే ఉన్నా టీవీ ఉంటుంది, ఎదురింటి వదిన చెత్తడబ్బా ఈడ్చే చప్పుడుంటుంది, పాతచోటు కాబట్టి గోడలైనా తెలిసినవి. ఇక్కడ ఏదీ నాకు తెలియదు, నేను ఎవరికీ తెలియను. ఇదేనా నాకు కావలసింది అనుకున్నాను. పెట్టె తెచ్చుకుని గెస్ట్ రూమ్‌లో ఉంటే ఏం పోయింది, పక్కగదిలో మనుషులుంటారు కదా అనుకున్నాను.

మీ అమ్మకి ఫోన్ కొట్టాను. ఎత్తేలోపల పెట్టేశాను. వెంటనే తనే చేసింది.

"అమ్మా! ఏమైంది? పడ్డావా?"

"పడలేదు."

"వాటర్ లీకా? చెప్పు, బయల్దేరి వచ్చెయ్యనా? తొమ్మిది గంటల డ్రైవ్, నైట్‌కి వచ్చేస్తాను."

రమ్మంటే వచ్చేసేది. ఒక్క మాట చాలు. నోటి చివరిదాకా వచ్చింది.

"ఏమీ కాలేదే. అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. నీ గొంతు వినాలనిపించింది, అంతే."

అటు నుంచి మీ అమ్మ ముక్కు చీదిన చప్పుడు. "సరే, విను. నాకు మీటింగ్ లేదు. వర్క్ చేసుకుంటా, ఫోన్ పక్కన పెడతాను. నువ్వు కూడా నీ పని చేసుకో. పెట్టెయ్యకు."

"ఇది సాయం కిందకి వస్తుందేమోనే. మీ అన్నయ్య ఊరుకుంటాడా?"

"వాడి మొహం. ఏం మాట్లాడట్లేదు కదా మనం."

నిజంగానే ఏమీ మాట్లాడుకోలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి పొయ్యి పక్కన పెట్టాను. అటు కీబోర్డ్ టకటకా కొడుతోంది, మధ్యలో నిట్టూరుస్తోంది, ఎవరికో వస్తున్నా ఆగు అంది, అది నీకే అనుకుంటాను. ఇటు నేను వంకాయలు తరిగాను. మీ అమ్మ ఇంట్లో కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినిపించింది. అన్నం దించాక, "ఇంక పెట్టెయ్యి, నీ కరెంటు దండగ," అన్నాను.

మర్నాడు ఆ సంగతి మీ మామయ్యకి తెలిసింది. మీ అమ్మే చెప్పింది, దాని కడుపులో ఏదీ ఆగదు. ముగ్గురం ఫోన్లో కలిశాం.

"అది చీటింగ్ అమ్మా. కాల్ చెయ్యకూడదు కదా?"

"హెల్ప్ అడక్కూడదన్నావు. కాల్ చెయ్యకూడదని ఎక్కడన్నావు?" మీ అమ్మ.

"కంపెనీ కూడా హెల్పే కదే!"

"అవునా? అయితే అమ్మకి కంపెనీ లేకుండా వారం పెట్టావన్నమాట. శిక్షా అది?"

వాడు మెల్లిగా, "అమ్మా, నిన్న అంత లోన్లీగా అనిపించిందా?" అని అడిగాడు. అడిగిన తీరు చూస్తే వాడికి నేను ఓడిపోవాలనే ఉందని నాకర్థమైంది. ఓడిపోతే వాడి దగ్గరికి వస్తాను కదా. కోపం రాలేదు నాకు.

"అనిపించింది నాన్నా. ఇవాళ కూడా ఉంది. కానీ ఉండగలను," అన్నాను.

"సరే. కాల్ అలౌడ్," అన్నాడు.

మిగతా రోజులు వాన పడుతూ ఆగుతూ గడిచాయి. ఆ వారం పూర్తయింది. ట్యాంకులు ఖాళీ చేసుకుని, వైర్లు చుట్టుకుని, ఎవరి చెయ్యీ పడకుండా బయటికి తీసుకొచ్చాను. ఇంటికి చేరగానే మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే అడిగింది. "బాగుందా అమ్మా అక్కడ?" నేను అబద్ధమాడలేదు. బాగాలేదన్నాను. మరి ఎందుకు వెళ్తానంటున్నావంది. గరిటె ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు అన్నాను. అదేదో జోక్ అనుకుని నవ్వింది.

ఇల్లు కొన్నవాళ్ళకి తాళాలిచ్చి బయల్దేరాను. అప్పట్నించీ తిరుగుతూనే ఉన్నాను, చలికి దక్షిణానికి, ఎండకి ఉత్తరానికి. పైపులు గడ్డకట్టకుండా చూసుకోవాలి కదా. ఎక్కడికి వెళ్ళినా రివర్స్ చేస్తున్నప్పుడు ఎవరైనా లేచి వస్తే, ఇప్పుడు వద్దనను. రండి, ఊపండి అంటాను. తర్వాత వాళ్ళు టీకి వస్తారు, మర్నాడు వెళ్ళిపోతారు. ఒక్కదానికి వండడం ఇంకా పూర్తిగా రాలేదు. ముప్పావు గ్లాసు పోస్తున్నాను, మిగులుతూనే ఉంది.

ఆవిడకి ఇది కూడా రాయి. ట్యాంకులూ టైర్లూ ఎవరైనా నేర్పిస్తారు. ఇల్లు చేతిలో ఉండగానే, టీవీ కట్టేసి, రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి చూసుకోమను. తట్టుకోలేకపోతే మానుకోమను, అందులో నామోషీ ఏమీ లేదు.

ఏమిటి? లోపలికొచ్చి పడుకోమంటావా? మీ హెచ్ఓఏ వాళ్ళు బండి రేపు పొద్దున్నదాకానే ఉంచనిస్తారు, అప్పుడు ఎలాగూ కదలాలి. అది కాదమ్మా అసలు సంగతి. మీ గెస్ట్ రూమ్‌లో పరుపు చాలా మెత్తగా ఉంటుంది. మీ అమ్మ నాకోసం నీళ్ళ బాటిల్ కూడా పెట్టి ఉంచుతుంది తలదగ్గర. ఒక రాత్రి పడుకున్నానంటే రెండో రాత్రి కూడా పడుకోవాలనిపిస్తుంది. అందుకే రాను. మీ అమ్మతో మాత్రం మోకాళ్ళనొప్పి, మెట్లెక్కలేనంది అని చెప్పు.

చీకటి పడుతోంది, వెళ్ళు. రేపు నీకు కాలేజీ ఉంది. ఆ మెట్టు ఎత్తు, చూసి దిగు. తలుపు నేను వేసుకుంటానులే.